నూట ఎనిమిదో దాహం

వైశాఖ బహుళ ద్వాదశి... శుక్రవారం... సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

క్షుద్రానికి అర్ధరాత్రే కావాలని చెప్పినవాళ్ళు భివండీ ఎండను చూసినవాళ్ళు కారు. ప్రచండ మార్తాండుడు నడినెత్తిన నిలిచి నిప్పులు కురిపిస్తుంటే, మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే దాక్కుంటుంది. నీడ లేని ఆ ఘడియలో దేహానికి కాపలా ఉండదంటారు పెద్దలు. పైగా శుక్రవారం, కరెంటు కోత రోజు. వారంలో ఆరు రోజులు చెవులు చిల్లులు పడేలా మోగే గైబీ నగర్ మరమగ్గాలు, ఆ సాంచెలన్నీ ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి. ఆ భయంకర నిశ్శబ్దంలో... ఎక్కడో రేకుల కప్పు మీద... గుడ్లగూబ కూసింది. పట్టపగలు!

హనుమాండ్లు ఆ కూత విన్నాడు. విని కూడా చేతిలో నల్ల నూలు కండె పట్టుకుని తన షెడ్డు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. గోడకు మోకాలెత్తున మేకులు కొట్టి, వాటి మీదుగా ఒకే పోగును లాగుతున్నాడు.

ఆయనవి పన్నెండు సాంచెలు. సిరిసిల్ల పక్క ఊరి నుంచి తండ్రి వచ్చి పెట్టిన షెడ్డు అది. కింద సాంచెలు, పైన అటక మీద కాపురం. భార్య పోయి ఐదేళ్ళయింది. ఇంట్లో ఇక మిగిలింది తల్లి శాంతాబాయి, పక్కనున్న పూర్ణ ఊళ్ళో గోదాము పనికి పోయే పందొమ్మిదేళ్ళ కూతురు శ్రద్ధ. నెల రోజులుగా సాంచెల మీద పోగులు ఊరికే తెగుతున్నాయి. కొత్త బీములకు చుట్టిన నూలు కూడా కుళ్ళిన దారంలా పుటపుటమంటున్నాయి. పనివాళ్ళు భయపడి మానేశారు. అప్పుడు నిజాంపురా బజారులో కనిపించాడు దత్తాత్రి. నలభై ఏళ్ళవాడిలా ఉన్నాడు, మాట మాత్రం తాతల కాలంది. "నీ షెడ్డుకు దిగ్బంధనం చెయ్యాలె. నేను మంత్రం చెప్త, పోగు నీ చేతితోనే కట్టాలె. ఒకటే పోగు, ఒకటే చుట్టు. నడుమ తెగిందంటె తీసి పారేసి మల్ల మొదలువెట్టు" అన్నాడు.

గృహప్రవేశాల్లో పురోహితుడి నోట హనుమాండ్లు ఆ మాట ఎన్నోసార్లు విన్నాడు. దిక్కులు కట్టేస్తే పీడ లోపలికి రాదనుకున్నాడు. లోపల ఉన్నది కూడా ఇక బయటికి పోజాలదన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. కొరివితో తల గోక్కునేవాడికి ముందు హాయిగానే ఉంటుంది మరి.

పోగు తిరిగి తలుపు దగ్గరకు వచ్చింది. "కొబ్బరికాయ తే పో" అన్నాడు దత్తాత్రి. హనుమాండ్లు గడప దాటి లోపలికి పోయాడు. ఆ రెప్పపాటులో దత్తాత్రి పోగు మొదలూ కొసా తలుపు పక్క మేకు అవతల కలిపి, కరిగిన లక్క పోసి, జోలెలోంచి తీసిన ఒక కపాలాన్ని దాని మీద ఒత్తాడు. కొబ్బరికాయతో తిరిగొచ్చిన హనుమాండ్లు గడప దాటబోయి, ముక్కు దేనికో గట్టిగా కొట్టుకుని వెనక్కి తూలి పడ్డాడు. ఎదురుగా సందు కనిపిస్తోంది, ఎండ కనిపిస్తోంది. కానీ ఆ నల్లని పోగు దగ్గర గాలి రాయిలా గట్టిపడింది!

"ఏందిది సామీ?" అన్నాడు, లేస్తూ.

"దిగ్బంధనం అడిగితివి గద. చేసిన" అన్నాడు దత్తాత్రి. కపాలాన్ని మెట్టు మీద పెట్టి దాని నెత్తి నిమిరాడు. "దండం పెట్టు. ఇది గండ్రగుట్ట పెద్ద దొర తల. మీ తాతల తాతలకు దొర."

ఆ కోట కథ ఇక్కడ చెప్పుకోక తప్పదు. నూట అరవై ఏళ్ళ కిందట, నిజాం ఏలుబడిలో గోదావరి ఒడ్డున, గండ్రగుట్ట దేశ్‌ముఖి గద్దె కోసం ఇద్దరన్నదమ్ములు కత్తులు దూశారు. ఊళ్ళకు ఊళ్ళు రెండుగా చీలాయి. ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్ళు ఒకరి గడ్డివాములు ఒకరు తగలబెట్టుకున్నారు. చివరికి పెద్ద దొర సిపాయిలతో, దాసీలతో, బట్టలు నేసే నాలుగు సాలె కుటుంబాలతో కోటలో చేరి తలుపులు మూసుకున్నాడు. చిన్న దొర రోహిల్లాలను, అరబ్బులను కూలికి తెచ్చి చుట్టూ మోహరించాడు. ఎనిమిది నెలలు ఫిరంగులు పేలాయి. గోడలు కదల్లేదు. అప్పుడు చిన్న దొర కొలువులోని మాంత్రికుడు ముందుకొచ్చాడు. "ఫిరంగులెందుకు దొరా? ఒక్క పోగు చాలు" అన్నాడు. లోపలి కాపలావాడొకడికి ఆశపెట్టి, వాడి చేత్తోనే కోట చుట్టూ నల్ల పోగు కట్టించాడు. కోటవాడే కట్టాలి, అదే ఆ ప్రయోగపు మర్మం. ఆ మర్నాటి నుంచి కోటలోని మూడు బావుల్లోనూ నీళ్ళు మాయమయ్యాయి.

ఎంత ఘోరం! దాహంతో నాలుకలు పిడచగట్టి ఒక్కొక్కరే రాలిపోయారు. వాళ్ళకు మిగిలిన ఆయుష్షంతా పోగు కట్టించినవాడికి చేరింది. నూట ఎనిమిది ప్రాణాలు నిండితే వాడికి ఇక చావు లేదు. కానీ కోట తెరిచి శవాలను లెక్కపెడితే నూట ఏడే తేలాయి. పోగు కట్టడానికి ముందు రోజే ఒక సాలె ఇల్లాలు తన మూడు నెలల పసిగుడ్డును చీరలో చుట్టి గోడ మీంచి కిందికి జారవిడిచింది. లెక్క నిండలేదు గనుక వాడు ముట్టడి ఎత్తలేదు. ఆ నూట ఏడు ఆత్మలను పెద్ద దొర కపాలంలో బంధించి, వాళ్ళ ఆయుష్షు తాగుతూ, ఆ పసిగుడ్డు వంశాన్ని వెతుకుతూ తిరిగాడు. ఇప్పుడు ఆ ఆయుష్షు అడుగంటింది. ఆ మాంత్రికుడే... ఈ దత్తాత్రి!

అటక మీంచి శ్రద్ధ దిగి వచ్చింది. తండ్రి నెత్తురు కారుతున్న ముక్కు చూసి, తడిపిన బట్ట తెద్దామని డ్రమ్ములో చెంబు ముంచింది. చెంబు నిండా తెల్లటి దూది నుసి వచ్చింది. కుండలోనూ అదే. బాటిల్ మూత తీసి నోట్లో ఒంపుకుంటే గొంతుకు దూది అడ్డం పడి దగ్గింది.

"బాపు, పానీ కహాఁ గయా? పొద్దున్నే గద ట్యాంకరొచ్చింది" అంది.

 హనుమాండ్లు గోడకు చేరగిలబడి కూతుర్ని చూస్తూ ఉండిపోయాడు. తన చేత్తో తానే కట్టాడు! కంచే చేను మేసిందంటారు గానీ, ఇక్కడ కంచె వేసినవాడే చేనులో చిక్కుకున్నాడు.

ఇక ఫోన్ల సంగతి. ఆ రాత్రి కరెంటు వచ్చి ఊరి సాంచెలు మళ్ళీ మొదలయ్యాక గానీ ఫోన్ కలవలేదు; శ్రద్ధ గోదాములో తనతో పనిచేసే పూనంకు చేసింది. గంట మోగింది, పూనం ఎత్తింది. శ్రద్ధ గొంతు చించుకుని అరిచింది. అవతల పూనంకు మాత్రం సాంచెల మోత తప్ప ఏమీ వినపడలేదు. "అరే లూం దగ్గర నిలబడి ఎందుకు చేస్తవే? ఏం ఇనవడ్తలేదు. బాహర్ ఆకే కర్" అని పెట్టేసింది. భివండీలో ఫోన్లో సాంచెల మోత వినిపిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఊరి అలవాటే వాళ్ళకు ఉరితాడయింది.

మర్నాడు శనివారం పూనం స్వయంగా వచ్చింది. స్కూటీ ఆపి గడప ముందు నిలబడింది. ఇంత దూరం... చెయ్యి చాస్తే ముక్కు తగిలేంత దూరం! శ్రద్ధ గాలి గోడను రెండు చేతులతో బాదింది. పూనం కళ్ళకు మాత్రం దించిన షట్టరూ, దానికి వేసిన తాళమూ కనిపించాయి. "ఊరికి పోయిండ్రేమో" అని తనలో తాను అనుకుంది. ఎదురుగా అరుగు మీద చెంబుడు నీళ్ళు ముందు పెట్టుకుని కూర్చున్న దత్తాత్రికి భక్తిగా దండం పెట్టి, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. ఆ స్కూటీ మలుపు తిరిగేదాకా చూసి, శ్రద్ధ అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కళ్ళ వెంట నీళ్ళు రాలేదు.

రోజూ మధ్యాహ్నం పన్నెండుకు దత్తాత్రి గడప ముందుకు వచ్చేవాడు. పోగుకు అవతల నిలబడి, వాళ్ళు చూస్తుండగా చెంబెత్తి గుటగుటా తాగేవాడు. నీళ్ళు వాడి గడ్డం మీంచి కారి నేల మీద పడి ఇంకిపోతుంటే, ఆ తడి మచ్చ ఆరిపోయేదాకా ముగ్గురూ దాన్నే చూసేవాళ్ళు. ఆదివారం నాడు బేరం పెట్టాడు. ముట్టడి వేసినవాడు బేరం పెట్టకుండా ఉంటాడా?

"నాకు ఒక్క ప్రాణం చాలు. పిల్లను గడప కాడ పండవెట్టి మీరిద్దరు దూరం జరుగుండ్రి. దాని ఊపిరి పోంగనె కట్టు ఇప్పుత. మీరు బతుకుతరు."

"నన్ను తీస్కో" అన్నాడు హనుమాండ్లు. నాలుక తిరగక మాట ముద్దగా వచ్చింది. "కట్టింది నేను. నా ప్రాణం తీస్కో."

"నీకెంత మిగిలింది? బీపీ, షుగరు, ఇరవై ఏండ్లు గూడ లెవ్వు. దానికి డెబ్బై ఉన్నయి" అన్నాడు దత్తాత్రి, కూరగాయలు ఏరుకునేవాడి మాదిరి. "ఇంకో మాట. పోగు తెంపాలని చూడకుండ్రి. అది తెగినప్పుడు లోపలి ప్రాణాలు గూడ దానితోనే తెగుతయి. రేపు సోమవారం అమావాస్య. పన్నెండుకు వస్త."

వాడు అటు తిరిగాడో లేదో... శ్రద్ధ కళ్ళు తేలేసింది! ఒళ్ళంతా విల్లులా వంగింది. జుట్టు విరబోసుకుని లేచి కూర్చుంది. గొంతు మాత్రం పందొమ్మిదేళ్ళ పిల్లది కాదు. ఎండిన బావి అడుగు నుంచి వచ్చినట్టు బొంగురుగా ఉంది.

"ఫిరంగి ఆగిందా?" అందా గొంతు. "చీర పొడుగు సరిపోలే... కొంగు చింపి ముడేసిన... నా బిడ్డ కింద దిగిందా? ఎవలన్న చూసిండ్రా?"

హనుమాండ్లు హడలిపోయి వెనక్కి పాకాడు. శాంతాబాయి మాత్రం కదల్లేదు. నూట అరవై ఏళ్ళుగా ఒకే ప్రశ్న అడుగుతున్న ఆ తల్లి ఎవరో ఆమెకు అర్థమైంది. కోట గోడ మీంచి చీరలో జారిన బిడ్డ కథ అత్తగారి నోట ఎన్నోసార్లు విన్నదే. మనవరాలి రెండు చేతులూ పట్టుకుంది.

"దిగింది తల్లీ. సల్లగ దిగింది. పెరిగింది, పిల్లల్ని కన్నది. మేమంత గా బిడ్డ సంతానమే. నువ్వు కూసున్న గీ ఒళ్ళు గూడ నీ మనుమరాలిదే."

ఆ కళ్ళు శాంతాబాయి వైపు తిరిగాయి. తర్వాత గొంతు తగ్గించి, గబగబా చెప్పింది. "అయితె ఇనుండ్రి. గోడంటె గీ పోగే. పోగు ఎక్కడుంటె అక్కడే గోడ. తెంపకుండ్రి, మా తాన ఒక సిపాయి తెంపితె పక్కనున్న పది మంది పిట్టల్లెక్క రాలిండ్రు. ఇప్పే మంత్రం వానికొక్కనికే ఎరుక. వాడు ఎన్నడు లోపలికి రాడు. వస్తె వానికి గూడ దాహమైతది. మేమంత తాగాల్సిన దాహం... వానికోసమే ఉన్నది."

అంతే! శ్రద్ధ మొదలు నరికిన అరటిబోదెలా పడిపోయింది. ఆ తర్వాత ఆమె కళ్ళు తెరవలేదు. ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది.

సోమవారం తెల్లవారింది. మనిషి నీళ్ళు లేకుండా ఎంతసేపు బతుకుతాడో శాంతాబాయికి తెలియదు గానీ, తన మనవరాలు ఈ మధ్యాహ్నం దాటదని మాత్రం తెలిసిపోయింది. ఏడ్చే ఓపిక కూడా లేదు. వెనక గోడ కిటికీ దగ్గరకు పాకి, చువ్వల సందులోంచి చెయ్యి పెట్టి, ఆ దిక్కుమాలిన పోగును తడిమింది. అరవై రెండేళ్ళ ముసలిది. కళ్ళకు పొరలు కమ్మాయి. అయినా ఆ వేళ్ళు నలభై ఏళ్ళు బీములు అతికిన వేళ్ళు. అయిపోయిన బీము పోగులకు కొత్త బీము పోగులు ఒక్కొక్కటే ముడివేయడం ఆమె పని. రోజుకు రెండు వేల ముళ్ళు. వేళ్ళు పోగు మీద నడుస్తూ నడుస్తూ ఒక చోట ఆగాయి.

"కొడుకా, కట్టెటప్పుడు పోగు తెగిందా?"

"లేదవ్వా. తెగితె మల్ల మొదలువెట్టమన్నడు గద."

"మరి గీ ముడి ఎవలిది?"

హనుమాండ్లు పాకి వచ్చి చూశాడు. ఆవగింజంత ముడి. ఎడమ పక్కకు వాలిన ముడి. తన తండ్రి నేర్పిన ముడి. తనదే! ఎప్పుడు వేశాడో తెలియదు. సాలెవాడి చేతికి తెగిన పోగు తగిలితే మనసుకు తెలిసేలోపే ముడి పడిపోతుంది. ఉమ్మి తడి చేయడం, మెలిపెట్టడం, లాగడం, అన్నీ ఊపిరి తీసినంత సులువుగా జరిగిపోతాయి. మాంత్రికుడు తెగితే పారేయమన్నాడు. నూలు పారేయడం ఆ చేతులకు పుట్టి బుద్ధెరిగి తెలియదు.

"నా చెయ్యే ఏసింది అవ్వా. నాకు ఎరుకనే లేదు" అన్నాడు భయంగా.

శాంతాబాయి పిడచగట్టిన పెదవుల మీద మూడు రోజులకు నవ్వు పుట్టింది. "మంచిగైంది. తెగిన పోగుతోని కట్టిన కట్టు గిది. అయినా గోడ నిలవడ్డది. అంటె గా మంత్రానికి మన ముడికి, పోగుకు తేడా ఎరుక లేదు. వాడు ఎన్నడన్న సాంచె నడిపిండా, మగ్గం మీద కూసున్నడా? లేచి ఒక కండె తే. గ్రీజు డబ్బా గూడ తే."

నాలుగో నంబరు సాంచె మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలోంచి నూలు కండె తీశాడు హనుమాండ్లు. నాలుగు బారల పోగు లాగి, నల్ల గ్రీజు రాసి, పాత పోగు రంగులోకి తెచ్చారు. తలుపుకు ఎడమ పక్క మేకు దగ్గర శాంతాబాయి కొత్త పోగు ఒక కొసను పాత పోగుకు ముడివేసింది. కుడి పక్క మేకు దగ్గర రెండో కొసను ముడివేసింది.  ఇప్పుడు గడప మీద రెండు దారాలు. ఒకటి బిగువుగా ఉన్న పాత పోగు. రెండోది వదులుగా జారిన కొత్త పోగు. ఇక ఆ పాత ముక్కను తెంపాలి.

"అవ్వా, వద్దే. మన ముడిని అది ఒప్పుకోకపోతె?" అన్నాడు హనుమాండ్లు.

శాంతాబాయి మనవరాలి ముఖం చూసింది. పెదాలు పగిలి, కళ్ళు లోతుకు పోయి, గవ్వలా తెల్లబారిన ముఖం. చిన్నప్పుడు బీముల కింద చీర ఉయ్యాల కట్టి ఊపిన పిల్ల. దీని ప్రాణం ఇప్పుడు తన పళ్ళ మధ్య ఉంది. 

"ఒప్పుకోకపోతె నేను గూడ దానెంటనే పోత" అని, వంగి, పాత పోగును పటుక్కున కొరికింది.

శ్రద్ధ ఊపిరి ఆగిపోయింది!

ఒక క్షణం... రెండు... మూడు...  దూరంగా గుడ్లగూబ రెక్కలు టపటపలాడించింది. తర్వాత శ్రద్ధ ఛాతీ మెల్లగా పైకి లేచింది. ఊపిరి తిరిగొచ్చింది.  శాంతాబాయి కొత్త పోగును గడప మీద పాత పోగులాగే కనబడేలా సర్ది, మిగిలిన వదులును ఉండలా చుట్టి ఒళ్ళో చీర మడతల్లో దాచుకుంది.

సోమవతి అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

నిర్మల నీలాకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఉరుము ఉరిమింది! సందులో కుక్కలన్నీ తోకలు ముడుచుకుని పారిపోయాయి. దత్తాత్రి వచ్చాడు. మూడు రోజుల కిందటి నలభై ఏళ్ళ మనిషి కాదు. చెంపలు జారి, వీపు వంగి, అడుగుకో ఏడు మీద పడుతున్నట్టు ఉన్నాడు. తాగడానికి ఇంకెవరి ఆయుష్షూ మిగలలేదు. రెండు చేతుల్లో కపాలం గడగడలాడుతోంది. పిల్ల ఆఖరి ఊపిరి ఆ కపాలంలోకి పోవాలి, లేకపోతే వాడికి ఈ ఘడియే ఆఖరు.

"పిల్లేది?" అన్నాడు.

"గిదే. పోతాంది. ముక్కుల కాడ ఊపిరి ఉన్నది" అంది శాంతాబాయి. శ్రద్ధను గడపకు ఆనించి పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నీకు దండం పెడ్త. తొందరగ తీస్కపో, దాని కష్టం చూడలేకపోతున్న."

వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్కడ కూడా జాగ్రత్తే. కపాలాన్ని పోగు అంచు దాకా తెచ్చాడు గానీ వేలి కొసను కూడా దాటనివ్వలేదు. పిల్ల ముక్కు మీదే చూపు నిలిపి, మెడ ముందుకు సాచి, బీజాక్షరాలు గొణుగుతూ వంగాడు. నూట అరవై ఏళ్ళ ఆకలి వాడి కళ్ళను కప్పేసింది.

శాంతాబాయి ఒళ్ళోంచి రెండు చేతులూ లేచాయి. దేవుడికి దండ వేసినట్టు, వదులు పోగును వాడి తల మీదుగా విసిరింది. పోగు వాడి వీపు మీంచి జారి, వెనక నేల మీద పడింది.

పోగు ఎక్కడుంటే అక్కడే గోడ... ఇప్పుడు దత్తాత్రి కోటలో ఉన్నాడు!

వాడికి ముందు అర్థం కాలేదు. తర్వాత గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు. గభాలున లేచి వెనక్కి దూకాడు. వీపు గాలి గోడకు కొట్టుకుని ముందుకు బోర్లాపడ్డాడు. చేతిలోని కపాలం గడప మీద దొర్లింది. దాని దవడ కిర్రుమంటూ తెరుచుకుంది. అందులోంచి నూట ఏడు నిట్టూర్పులు! ఎవరూ మీట నొక్కకుండానే పన్నెండు సాంచెలూ ఒక్కసారిగా ఖటఖటమని మోగాయి. భూమి అదిరింది. ఆ హోరు మధ్య, గండ్రగుట్ట కోటలో నూట ఏడు మంది పడిన దాహమంతా కరువు కాలపు గాడ్పులా లేచి ఒక్క గొంతులోకి దిగింది.

దత్తాత్రి దగ్గర ఒక దారి ఉంది. కట్టు విప్పే మంత్రం. ఎనిమిది దిక్కులనూ విడిచిపెట్టే దిగ్విమోకం. ఇన్నేళ్ళూ ఎవరు కాళ్ళు పట్టుకున్నా పలకని మంత్రం. ఇప్పుడు పలకడానికి నోరు తెరిచాడు. "ది..." అన్నాడు. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. "ది... ది..." ఉమ్మి లేదు. పలకడానికి ఒక్క చుక్క తడి కావాలి. గడప అవతల వాడి చెంబు నిండుగా ఉంది. చెయ్యి చాస్తే గాలికి తగిలి ఆగిపోయింది. తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఒకడుంటాడంటారు. వీడి తలదన్నింది నూట ఏడు ఎండిన నాలుకలు!

చర్మం ముడతలు పడింది. గంజి పెట్టని పోగులా మనిషి పీచుపీచుగా విడిపోయాడు. చూస్తుండగానే చొక్కా లోపల ఒళ్ళు కుంగి, గుప్పెడు దూది నుసిగా గడప మీద రాలింది. సాంచెలు ఆగాయి. శ్రద్ధ పెదవులు కదిలి, ఆ పాతకాలపు తల్లి గొంతు ఒకే మాట పలికింది. "నిండింది."

లక్క ముద్ర టప్పున పగిలింది. పోగు మేకుల మీంచి జారి కింద పడింది. డ్రమ్ములో నీళ్ళు తొణికిన చప్పుడు వినిపించింది. అంతకన్నా తియ్యటి చప్పుడు హనుమాండ్లు జన్మలో విని ఉండడు. పడుతూ లేస్తూ పోయి చెంబు ముంచి తెచ్చాడు. కూతురి పెదవులు తడిపాడు. చుక్క చుక్కగా పోశాడు. శ్రద్ధ గుటక వేసింది. కళ్ళు తెరిచి, "బాపు, ఇంకొంచెం" అంది. హనుమాండ్లు ఆమెను గుండెకు హత్తుకుని, మగవాడినన్న సంగతి మరచి బావురుమన్నాడు.

చెంబు తల్లికి ఇవ్వబోయి, ఆమె చూపు వెంట చూసి కొయ్యబారిపోయాడు. గడప అవతల సందు నిండా మనుషులు! నీడల్లాంటి మనుషులు. తలపాగాల సిపాయిలు, చిరిగిన చీరల దాసీలు, తల లేని మొండెంతో ఒక దొర. అందరికన్నా చివర ఖాళీ ఒడి పట్టుకుని ఒక పడుచు. ముట్టడి వీగిపోయినా వాళ్ళు పోలేదు. అందరూ డ్రమ్ము వైపే చూస్తున్నారు.

"అవ్వా, ముందు నువ్వు తాగు" అన్నాడు హనుమాండ్లు.

"ఆళ్ళు నాకంటె ముందొచ్చిండ్రు కొడుకా" అంది శాంతాబాయి.

చెంబు ముంచి గడప మీద ధారగా పోసింది. ముందు నిలబడ్డ సిపాయి రెండు చేతులూ దోసిలి పట్టి వంగాడు, తేటపడ్డాడు, ఎండలో కలిసిపోయాడు. మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసింది. గొంతు మంటలు మండుతున్నా, చెయ్యి తూలుతున్నా, ఒక్క చుక్క నోట వేసుకోలేదు. దొరకూ దాసీకీ ఒకటే చెంబు. నూట ఏడో చెంబు దగ్గర ఆ పడుచు వచ్చింది. తాగి, తండ్రి ఒళ్ళో ఉన్న శ్రద్ధను కళ్ళారా చూసుకుని, అందరి వెంట వెళ్ళిపోయింది. సందు ఖాళీ అయింది.

డ్రమ్ము అడుగున ఇంకొక్క చెంబుడు మిగిలింది. శాంతాబాయి దాన్ని ముంచి పైకి ఎత్తింది. హనుమాండ్లు గడప మీది దూది నుసి వైపు భయంగా చూశాడు.

"అవ్వా... వాడు గూడ దాహంతోనే సచ్చిండు గద. మల్ల పీడైతడేమో. వానికి గూడ పోస్తవా?"

శాంతాబాయి ఆ నుసిని చూసింది. కొడుకును చూసింది. చెంబు నోటికెత్తి, గటగటా, అడుగు కనబడేదాకా తానే తాగేసింది.